కాపలాదారు ఇల్లు

1950 జూలై 31న ఖాట్మండులో సంతకాలు జరిగిన భారత–నేపాల్ శాంతి, మైత్రీ ఒడంబడికలో పది అధికరణలున్నాయి. ఏడవ అధికరణ ప్రకారం ఒక దేశపు పౌరులకు రెండో దేశంలో నివాసం, ఆస్తి, వాణిజ్యం, రాకపోకల విషయంలో పరస్పర ప్రాతిపదికన ఒకే విధమైన సౌకర్యాలు కల్పించాలి. ఢిల్లీలో విలేకరిగా ఈ అధికరణ గురించి నేను రాయని ఏడాది లేదు. ఒడంబడికను సమీక్షించేందుకు రెండు ప్రభుత్వాలూ 2016లో ప్రముఖుల బృందాన్ని నియమించినప్పుడు రాశాను. ఆ బృందం 2018లో ఏకాభిప్రాయంతో నివేదిక సిద్ధం చేసినా దాన్ని స్వీకరించే తీరిక ఢిల్లీకి దొరకనప్పుడూ రాశాను. అయితే ఆ అధికరణను నా సొంత జీవితానికి అన్వయించుకునే సందర్భం వస్తుందని ఎన్నడూ ఊహించలేదు. 2024 మార్చిలో, లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వెలువడడానికి కొద్ది రోజుల ముందు, నేపాల్‌లోని స్యాంగ్జా జిల్లాలో ఒక కొండపల్లెకు వెళ్లాను. అక్కడ నివసించగలమా అని చూసి రావడమే ఆ ప్రయాణం ఉద్దేశం.

కారణాలు పెద్ద గొప్పవేమీ కావు. నా భార్యకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. నవంబర్ నుంచి జనవరి దాకా ఆమె ఢిల్లీలో ఉండకపోతే మంచిదని వైద్యుడు చెప్పారు. ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 సూక్ష్మధూళి వార్షిక సగటు 5 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో నిర్ణయించింది. ఢిల్లీ సగటు దానికి పది రెట్లు దాటి చాలా కాలమైంది. దీనికి తోడు నాలోనూ ఒక అలసట పేరుకుపోయింది. ముప్పై ఏళ్లుగా ఎవరు ఏ పార్టీలో చేరారు, ఎవరు ఎవరికి వెన్నుపోటు పొడిచారు అని రాసి రాసి, రాజకీయం లేని చోటు ఎక్కడైనా ఉంటే అక్కడ మిగిలిన కాలం గడపాలనిపించసాగింది.

ఆ చోటు చూపించింది మా కాలనీ కాపలాదారు. పద్దెనిమిదేళ్లుగా ఆయన మా గేటు దగ్గర ఉన్నాడు. కాలనీలో అందరూ ఆయనను బహదూర్ అంటారు. అది ఆయన పేరు కాదు. ఢిల్లీలో నేపాలీ కాపలాదారులందరికీ మనం పెట్టుకున్న పేరు. పంపుగది పక్కన ఒక గదిలో భార్యతో, బడికి వెళ్లే కూతురితో ఉంటాడు. నా భార్య ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చిన రాత్రి ఆయనే అన్నాడు: "సాబ్‌జీ, మా ఊళ్లో నా ఇల్లు తాళం వేసి ఉంది. అమ్మ పోయాక అక్కడ దీపం పెట్టే దిక్కు లేదు. గాలి బాగుంటుంది. అమ్మగారిని తీసుకెళ్లి కొన్నాళ్లు ఉండండి."

గోరఖ్‌పూర్ దాకా రైలులో, అక్కడి నుంచి సునౌలీ దాకా బస్సులో వెళ్లాం. సరిహద్దును నడిచే దాటాం. ఒక ద్వారం కింద నుంచి మరో ద్వారం కిందికి వెళ్లడమే. ఓటరు కార్డు జేబులోంచి తీయవలసిన అవసరం కూడా రాలేదు. గడియారం పావుగంట ముందుకు జరిగింది. వంద రూపాయలు నూట అరవై అయ్యాయి. ఈ మారకపు రేటు 1993 నుంచి మారలేదు. అక్కడి నుంచి భారత సహాయంతోనే నిర్మించిన సిద్ధార్థ రాజమార్గం మీదుగా బుట్వల్, తాన్‌సేన్ దాటి వాలింగ్ చేరాం. వాలింగ్ నుంచి జీపు ఎక్కినంత ఎత్తు ఎక్కింది. ఆ తర్వాత కాలిబాట.

ఊరి పేరు రాయను. రాస్తే ఆ మనిషి చిరునామా రాసినట్లవుతుంది. కొండ భుజం మీద యాభై అరవై ఇళ్లు. ఎర్రమట్టి అలికిన గోడలు, పలకరాతి కప్పులు, కమలా చెట్లు. మొదటి చూపుకు ఎవరికైనా ఉండిపోవాలనిపించే ఊరు. రెండో రోజు సాయంత్రం నా భార్య పొగ లేస్తున్న ఇళ్లు లెక్కపెట్టింది. పందొమ్మిది. మిగిలిన వాటిలో పొయ్యి వెలగడం లేదు.

ఈ లెక్కకు దేశస్థాయి లెక్క ఒకటుంది. 2021 జనగణన ప్రకారం నేపాల్ జనాభా 2.91 కోట్లు. విదేశాల్లో ఉన్నట్లు నమోదైనవారు దాదాపు 22 లక్షలు. 77 జిల్లాల్లో ముప్పైకి పైగా జిల్లాల జనాభా అంతకుముందు పదేళ్లతో పోలిస్తే తగ్గింది. వాటిలో అత్యధికం కొండ జిల్లాలు. స్యాంగ్జా వాటిలో ఒకటి. 2022–23 ఆర్థిక సంవత్సరంలో కొత్తవీ నవీకరించినవీ కలిపి ఏడు లక్షలకు పైగా కార్మిక అనుమతులు జారీ అయ్యాయి. బయటి నుంచి వచ్చే డబ్బు ఆ దేశ స్థూలోత్పత్తిలో దాదాపు నాలుగో వంతు. భారతదేశానికి వచ్చేవారికి కార్మిక అనుమతితో పని లేదు. అందుచేత మా కాపలాదారు లాంటివారు ఆ లెక్కలోనూ ఉండరు, ఆ అనుమతితో వచ్చే బీమాకూ, సంక్షేమ నిధికీ నోచుకోరు. తెరచిన సరిహద్దు ఇచ్చిన స్వేచ్ఛ ఇది. రావడానికి ఎవరూ అడ్డు చెప్పరు. వచ్చినవాడికి ఏమైనా అయితే అడిగేవారూ ఉండరు.

ఖాళీ అయిన ఊరు నిశ్శబ్దంగా ఉంటుందనుకుంటాం. నిజానికి అక్కడ కోతుల గోల ఎక్కువ. మెట్లు మెట్లుగా చెక్కిన పొలాల్లో సగం బీడు పడ్డాయి. బీడులో తుప్పలు మొలిచాయి. తుప్పల్లోంచి కోతులు, అడవి పందులు మిగిలిన సగం మీద పడుతున్నాయి. మక్కజొన్న వేసినవాడు పంట చేతికొచ్చే దాకా కాపలా కాయాలి. కాయడానికి మనుషుల్లేరు కాబట్టి మరికొంత బీడు. జగిత్యాల వైపు మా పల్లెలోనూ ఇదే వింటాను. మగపిల్లలు దుబాయి, మస్కట్ పోయారు. కోతులు ఊళ్లోకొచ్చాయి.

మేము వెళ్లింది గాలి కోసం. మొదటి నాలుగు రోజులు మచ్ఛపుఛ్రే శిఖరం ఉండవలసిన చోట బూడిదరంగు తెర తప్ప మరేమీ కనిపించలేదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో నేపాల్ కొండల్లో అడవులు తగులబడతాయి. ఆ పొగకు దిగువ గంగా మైదానపు ధూళి తోడవుతుంది. 2021 మార్చిలో ఆ పొగ వల్ల దేశమంతటా బడులు కొన్ని రోజులు మూసేశారు. పూర్వం ఊరివాళ్లు అడవిలో రాలిన ఆకులు పశువుల కిందికీ ఎరువుకూ ఊడ్చి తెచ్చేవారు. ఇప్పుడు ఊడ్చే చేతులు లేవు, పశువులూ తగ్గాయి. ఆకు పరుపులా పేరుకుంటోంది. నిప్పు పడితే ఆర్పడానికి పరిగెత్తేవాళ్లు అరవై దాటినవాళ్లు. జనం వెళ్లిపోయిన చోట ప్రకృతి పచ్చగా కోలుకుంటుందన్న నగరవాసి నమ్మకం ఆ కొండ మీద నిలవదు. ఆ అడవిని ఇంతకాలం కాపాడింది ఆ ఊరి దైనందిన శ్రమే. అయిదో రాత్రి వాన పడింది. తెల్లవారేసరికి శిఖరం ఎదురుగా నిలబడింది. నా భార్య ఆ ఉదయం మందు గొట్టం తీయలేదు. ఆ మాట కూడా రాయాలి.

పక్కింటి పెద్దాయన భారత సైన్యంలో గోర్ఖా దళంలో పని చేసి హవల్దారుగా విరమించాడు. పించను కోసం పోఖరాలోని భారత సైనిక పించను కార్యాలయానికి వెళ్లి వస్తుంటాడు. కొంతకాలం సికింద్రాబాద్‌లో ఉన్నాడట. మేము తెలుగువాళ్లమని తెలిసి "బాగున్నారా" అని పలకరించాడు. ఆయనే మాకు దుబాసీ. సైన్యంలోకి వెళ్లినవాళ్లను ఆ కొండల్లో లాహురే అంటారు. ఒకప్పుడు రంజిత్ సింగ్ సైన్యంలో చేరడానికి లాహోర్ వెళ్లినవారికి వచ్చిన పేరు. లాహోర్ పోయి బ్రిటిష్ సైన్యం వచ్చింది. 1947 త్రైపాక్షిక ఒప్పందంతో గోర్ఖా దళాలను భారత్, బ్రిటన్ పంచుకున్నాయి. పేరు మాత్రం నిలిచింది.

"మా తాత, నాన్న, నేను, ముగ్గురం లాహురేలమే. నా మనవడు ఏమవుతాడో చెప్పండి మీరు, ఢిల్లీ నుంచి వచ్చారు కదా," అని అడిగాడాయన. నా దగ్గర జవాబు లేదు. 2022లో మన ప్రభుత్వం అగ్నిపథ్ ప్రవేశపెట్టింది. నాలుగేళ్ల కొలువు, నలుగురిలో ఒకరికే కొనసాగింపు. ఇది 1947 ఒప్పందానికి సరిపడదని నేపాల్ నియామకాలను వాయిదా వేయమంది. నాటి నుంచి ఆ కొండల నుంచి భారత సైన్యంలోకి కొత్త కుర్రాడు రాలేదు. ఈ విధానం మీద ఢిల్లీలో నేను రాసిన వ్యాసాల్లో నేపాల్ ప్రస్తావన ఒకటి రెండు వాక్యాలకు మించి ఉండేది కాదు. ఆ అరుగు మీద కూర్చున్నప్పుడు అది ఒక ఇంటి నాలుగు తరాల లెక్క. కొంతమంది నేపాలీ యువకులు రష్యా సైన్యంలో చేరి ఉక్రెయిన్‌లో చనిపోయారు. 2023 డిసెంబరులో ఆ మరణాలను నేపాల్ ప్రభుత్వమే ప్రకటించింది. మేము ఆ ఊరికి వెళ్లిన నెలలోనే హైదరాబాద్ యువకుడొకడు అదే యుద్ధంలో మరణించిన వార్త వచ్చింది. ఉద్యోగమిప్పిస్తామన్న దళారుల మాట నమ్మి వెళ్లాడు. స్యాంగ్జాకూ తెలంగాణకూ మధ్య ఉన్న దూరం ఇంతే అనిపించింది.

రాజకీయం లేని చోటు వెతుక్కుంటూ వెళ్లానని రాశాను. టీ దుకాణంలో రేడియో మోగుతోంది. మార్చి 4న ప్రధాని ప్రచండ నేపాలీ కాంగ్రెస్‌ను వదిలి ఓలీ పార్టీతో చేయి కలిపారు. ఆ వార్త మీద అక్కడున్నవారు పెద్దగా ఆశ్చర్యపడలేదు. వారికి పట్టింపు ఉన్నది వార్డు రాజకీయం. 2015 రాజ్యాంగం 753 స్థానిక ప్రభుత్వాలను సృష్టించింది. ప్రతి వార్డులో అధ్యక్షుడు కాక నలుగురు సభ్యులు. వారిలో ఇద్దరు మహిళలు, వారిలో ఒకరు దళిత మహిళ కావాలి. ఆ ఊరి దళిత మహిళా సభ్యురాలు నీటి గొట్టం ఏ వాడకు ముందు వేయాలన్న దాని మీద వార్డు అధ్యక్షునితో దుకాణం ముందే వాదించింది. ఆ వాదన పార్లమెంటులో ఈ మధ్య నేను విన్న చాలా వాదనల కన్నా సూటిగా ఉంది. గొట్టం ఎటు పోతే జీవితం అటు పోతుంది కాబట్టి ఎవరూ ఊరికే మాట్లాడలేదు.

ఆ వాదనలో నాకు పాత్ర లేదు. అక్కడ నేను ఓటు వేయలేను. ఏడవ అధికరణ ఏమి చెప్పినా, ప్రభుత్వ అనుమతి లేకుండా విదేశీయుడి పేరిట స్థిరాస్తి బదిలీ కావడానికి నేపాల్ చట్టం ఒప్పుకోదు. నాకది అన్యాయంగా తోచలేదు. మూడు వైపులా మనమే ఉన్న చిన్న దేశం అది. భారతీయులకు భూమి కొనే వీలిస్తే ఆ శిఖరం కనిపించే ప్రతి గట్టు మీదా ఈ పాటికి ఢిల్లీ, గురుగ్రామ్ వాళ్ల విడిది ఇళ్లు లేచేవి. ఊరు ఖాళీ కావడం ఒక నష్టమైతే, డబ్బున్న పరాయివాళ్లతో నిండడం మరో నష్టం.

మన మీద వారికి ద్వేషం లేదు. కానీ జ్ఞాపకం ఉంది. ఏప్రిల్ భూకంపంలో దాదాపు 9,000 మందిని పోగొట్టుకున్న ఏడాదే, 2015 సెప్టెంబరు నుంచి నెలల తరబడి సరిహద్దులో లారీలు నిలిచిపోయాయి. అది దిగ్బంధం కాదనీ, రాజ్యాంగం మీద మధేసీల ఆందోళన వల్ల వచ్చిన ఇబ్బంది అనీ ఢిల్లీ అధికార ప్రతినిధులు చెప్పారు. మేము అలాగే ప్రచురించాం, నేపాల్ వాదన కూడా ప్రచురించాం. ఆ ఊళ్లో దాని పేరు నాకాబందీయే. గ్యాసు బండను సగమే నింపి ఇచ్చిన శీతాకాలమది. కాపలాదారు పినతల్లి మాకు అన్నం వడ్డిస్తూ ఆ సంగతి చెప్పింది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఇరుగుపొరుగు తగవు చెప్పినట్లు చెప్పింది.

ఆమే మరో ప్రశ్న వేసింది. రెండేళ్ల క్రితం కాపలాదారు తల్లి చనిపోయినప్పుడు పాడె మోయడానికి ఊళ్లో నలుగురు సరైన మగవాళ్లు లేరట. డెబ్బై దాటిన హవల్దారు ఒక కొమ్ము పట్టాడు. పదో తరగతి చదివే కుర్రాళ్లిద్దరు చెరో కొమ్ము పట్టారు. నాలుగో మనిషి కోసం కింది ఊరికి కబురు పెట్టి మధ్యాహ్నం దాకా ఆగారు. ఏటి ఒడ్డుకు దిగే బాట నిటారుగా ఉంటుంది. కొడుకు ఢిల్లీ నుంచి వచ్చేసరికి మూడో రోజు. అదంతా చెప్పి, నా వైపు చూసి అడిగింది: "మీరు ఆ ఇంట్లో ఉంటే, ఎవరైనా పోయిన రోజు భుజం పడతారా? లేక ఆ రోజు ఢిల్లీలో ఉంటారా?"

ఒడంబడికలో ఏ అధికరణా ఈ ప్రశ్న అడగదు. నివాస హక్కు గురించి దశాబ్దాలుగా రాశాను. నివాసం వెంట వచ్చే బాధ్యత గురించి ఒక ముసలమ్మ అడిగే దాకా ఎవరూ నన్ను అడగలేదు. ఊళ్లో ఉండడమంటే ఎండలో కూర్చుని శిఖరం చూడడం కాదు. కోతులను తరమాలి, కాలిబాట మీద కొండచరియ జారితే పార పట్టాలి, పొరుగువాడి పాడెకు కొమ్ము కాయాలి. భుజం పడతానని చెప్పాను. చెప్పడం సులువే. ఆ మాట నిలవాలంటే ఆ రోజు అక్కడ ఉండాలి. నా భార్య అప్పుడే మరో లెక్క వేసింది. రాత్రిపూట ఊపిరి అందకపోతే పోఖరా ఆసుపత్రికి జీపులో మూడు గంటలు. జీపు దొరికితే.

తిరిగి వచ్చాక కాపలాదారుతో చాలాసేపు మాట్లాడాను. నన్ను బాధించిన విషయాన్ని దాచకుండా చెప్పాను. ఆయన ఇంటి గాలిని నేను పీలుస్తూ ఉంటే, డిసెంబరు రాత్రుల్లో మా గేటు దగ్గర చెత్త మంట వేసుకుని ఢిల్లీ గాలిని ఆయన పీలుస్తాడు. ఇందులో న్యాయమేమిటి? ఆయన నవ్వాడు. "న్యాయం సంగతి మీరు రాసుకోండి సాబ్‌జీ. నా ఇంటి కప్పు కారుతోంది. లోపల పొగ పట్టకపోతే దూలాలకు పురుగు పడుతుంది. మీరు ఉన్నా ఉండకపోయినా నేను గేటు దగ్గరే ఉంటాను. ఉంటే అద్దె ఇవ్వండి. మా అమ్మాయి పన్నెండో తరగతి అయ్యాక మేం వెళ్లిపోతాం. అప్పుడు ఖాళీ చేస్తామని కాగితం మీద రాయండి."

ఆయన జాలి కోరలేదు, బేరం చెప్పాడు. ఆయన పరిస్థితి చూసి నేను వెనుకాడడం కూడా నాకున్న వెసులుబాటే. ఆయనకు కావలసింది కప్పు, అద్దె, తిరిగి వెళ్లే హామీ. కాబట్టి మేము మకాం మార్చడం లేదు. చలికాలం రెండు నెలలు ఆ ఇంట్లో అద్దెకుంటాం. ఆయన చెప్పిన అద్దె, ఆయన పెట్టిన గడువు. కాగితం హిందీలో రాసుకున్నాం. ఇల్లు ఆయనదే.

ఆ కాగితం రాసిన మరుసటి ఏడు, 2025 సెప్టెంబరు 8, 9 తేదీల్లో ఖాట్మండు వీధుల్లో యువతరం తిరగబడింది. సామాజిక మాధ్యమాల మీద నిషేధం దానికి నిప్పురవ్వ మాత్రమే. డెబ్బై మందికి పైగా మరణించారు. ఓలీ ప్రభుత్వం కూలింది. మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీ తాత్కాలిక ప్రధాని అయ్యారు. ఢిల్లీ టీవీ చర్చల్లో దాని వెనుక ఏ దేశపు హస్తముందన్న వెతుకులాటే ఎక్కువగా వినిపించింది. ఏ హస్తం కోసమూ వెతకనక్కరలేదు. పాస్‌పోర్టు కోసం వరుసలో నిలబడడం తప్ప వేరే భవిష్యత్తు చూపించని దేశాన్ని ఆ పిల్లలు నిలదీశారు. వెళ్లే హక్కు వారికి ఎప్పుడూ ఉంది. వారు అడిగింది ఉండిపోయే హక్కు.

మన వైపు నుంచి చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఏళ్లుగా పడి ఉన్న ప్రముఖుల బృందం నివేదికను ముందు చేతిలోకి తీసుకోవాలి. నచ్చకపోతే నచ్చలేదని చెప్పాలి. మన ఊళ్లలో, గేట్ల దగ్గర, వంటగదుల్లో, పండ్ల తోటల్లో పని చేస్తున్న నేపాలీలను లెక్కించాలి. ప్రమాద బీమా, పిల్లల చదువు వారికి హక్కుగా అందాలి. 1950లో రాజవంశపు రాణా ప్రధాని, కొత్త గణతంత్రపు రాయబారి సంతకం చేసిన కాగితం ఈనాటి మనుషులకు ఏమి ఇస్తోందో, ఏమి ఇవ్వడం లేదో రెండు దేశాలూ కూర్చుని మాట్లాడుకోవాలి. కనీసం మా కాలనీ సంఘం ఒక పని చేసింది. గత సమావేశంలో నా భార్య ప్రతిపాదించగా, గేటు దగ్గర గాలి శుద్ధి యంత్రం ఉన్న చిన్న గది కట్టడానికి ఒప్పుకున్నారు. మూడు నెలల వాదన తర్వాత, రెండు ఓట్ల తేడాతో.

కాపలాదారు కూతురు ఇప్పుడు పదో తరగతి. మా కాగితానికి ఇంకా రెండేళ్ల గడువుంది.